దిక్కులేని లలితే దిక్కయింది!

ఇంటిల్లిపాదీ కలిసి చూసే సినిమా ఏదండీ అని అడిగే కుర్రకారుకి ఈ వారం నా జవాబు: ‘స్వాతిముత్యం’. 1986లో కె. విశ్వనాథ్ తీశారు. భర్తని పోగొట్టుకుని, పసివాడితో అన్న పంచన చేరిన లలితగా రాధిక. లోకం పోకడ తెలియని శివయ్యగా కమల్‌హాసన్. సీతారాముల కల్యాణం జరుగుతుండగా అతగాడు ఆమె మెళ్లో తాళి కట్టేస్తాడు.

“ఆమెని అడగొద్దా?” అంటారు మీరు. అడగాల్సిందే! నేనూ అదే అంటాను. అయితే కథ అక్కడితో శుభం కార్డు వేసుకోదు. తాళి పడగానే బతుకు బాగుపడిపోదనీ, అసలు సంసారం ఆ తర్వాతే మొదలవుతుందనీ చూపిస్తుంది. ఉద్యోగం కోసం తిరిగే శివయ్యకి వెన్నంటి నిలిచేది లలితే. దిక్కులేనిదని ఊరు జాలిపడ్డ మనిషే ఇంకొకరికి దిక్కవుతుంది. నాకు నచ్చింది అదే.

ఇళయరాజా సంగీతం సరేసరి! అమ్మనీ నాన్ననీ పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. జేబురుమాలు మాత్రం మరిచిపోకండేం!