10 లక్షల కార్డున్నది, నెల గోలీలకే దిక్కులేదు

ఆరోగ్యశ్రీ హద్దు 5 లక్షల నుంచి 10 లక్షలయింది. 2023 డిసెంబర్ల పెంచిన్రు. మంచి పనే, కాదనను. గని దవాఖానల పండితేనే అక్కరకొచ్చే పైసలు, పండకుండ పనిచేసుకొని బతుకుదామనుకునే రోగికి ఏం జేస్తయ్? గీ ముచ్చట ఒక్క రోగాన్ని పట్టుకొని మాట్లాడుకుందాం. దాని పేరు అల్సరేటివ్ కొలైటిస్. నోరు తిరగని పేరే, గని ఎక్కువగ మొదలయ్యేది మీ ఈడోళ్లకే. డిగ్రీ చదివేటోళ్లు, ట్రాక్టర్ నడిపేటోళ్లు, కొత్తగ పెండ్లయిన చెల్లెండ్లు.

పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లయితయ్. దొడ్డికి పోతే నెత్తురు, జిగట పడ్తది. రోజుకు నాలుగు సార్లు, పది సార్లు పోవాల్సొస్తది. నడిరాత్రి నిద్రల నుంచి లేచి ఉరుకుడైతది. ఒంట్ల నెత్తురు తగ్గి మనిషి పాలిపోతడు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పేగు మీద ఎదురు తిరుగుతది. ఇది అంటురోగం గాదు. ఎవరి పాపమూ గాదు.

సిటీల బర్గర్లు తినేటోళ్ల రోగమని కొందరంటరు. పంజాబ్ల ఇంటింటికీ తిరిగి చేసిన ఒక సర్వే 2003ల అచ్చయింది. అక్కడ లక్ష మందికి 44 మందికి ఈ రోగమున్నట్టు తేలింది. అంటే 20 ఏండ్ల కిందటి మాట. గదే లెక్క 50 వేల జనమున్న ఒక మండలానికి పెట్టి చూడున్రి, 22 మంది అయితరు. ఆ 22 మంది యాడున్నరు? మొలలకు మందు తింటున్నరు. నాటు వైద్యం చేయించుకుంటున్నరు. సిగ్గుతోటి ఇంట్ల సుత చెప్పకుండ కూసున్నరు.

దొడ్డికి పోతే నెత్తురు పడంగనే మనోళ్లు మొలలే అనుకుంటరు. ఆర్ఎంపీ దగ్గరికి పోతే రెండు గోలీలు, ఒక సూది. అండ్ల స్టెరాయిడ్ ఉంటే వారంల నెత్తురు ఆగుతది. డాక్టర్ చెయ్యి మంచిదంటరు. మందు బంద్ జెయ్యంగనే మళ్ల మొదలు. మళ్ల అదే గోలీ. నేను దవాఖానలకు తోలుకపోయిన పోరగాళ్లల్ల ఎక్కువ మంది కథ ఇదే. ఇండ్ల ఇంకో ప్రమాదమున్నది. అమీబా తోటి వచ్చే జిగట విరేచనాలు, పేగుల టీబీ సుత ఇట్లనే కనిపిస్తయ్. రోగమేందో చూడకుండ స్టెరాయిడ్ ఇస్తే అవి ముదిరి పానం మీదికొస్తది. అందుకే ముందు దొడ్డి పరీక్ష, దాని ఎన్క కొలనోస్కోపీ, పేగు ముక్క పరీక్ష.

స్టెరాయిడ్ చెడ్డ మందని నేననను. 1955ల ఆక్స్‌ఫర్డ్ డాక్టర్లు ట్రూలవ్, విట్స్ 210 మంది రోగుల మీద పరీక్ష చేసి, కార్టిసోన్ ఈ రోగాన్ని అదుపు చేస్తదని చూపెట్టిన్రు. అంతకుముందు రోగం జోరు మీదికొస్తే మస్తు మంది సచ్చేటోళ్లు. గని కల్లం అంటుకుంటే ట్యాంకర్ పిలుస్తం, ట్యాంకర్ నీళ్లతోటి ఏడాది పంట తియ్యం గదా. స్టెరాయిడ్ కొన్ని వారాలకే. నెలలకు నెలలు మింగితే మొకం ఉబ్బుతది, షుగర్ వస్తది, బొక్కలు గుల్లయితయ్, కండ్లల్ల పొరలొస్తయ్. అట్లని మింగేటోళ్లు ఇది చదివి ఒక్కపారి ఆపొద్దు, అది సుత ప్రమాదమే. డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగ తగ్గియ్యాలె.

రోగాన్ని ఏండ్లకేండ్లు పండబెట్టే మందు వేరే ఉన్నది. మెసలమిన్. దానికంటె పాతది, 1940ల నుంచి వాడుకల ఉన్నది సల్ఫాసలజిన్. రోగం తక్కువ, నడిమి రకమైతే చానా మందికి ఇవే సరిపోతయ్. పుండ్లు మలద్వారం దగ్గరనే ఉంటే, నోట్లె వేసుకునే గోలీ కంటె కిందికెళ్లి పెట్టుకునే సపోజిటరీ బాగ పనిచేస్తది. సిగ్గుపడి దాన్ని పారేసేటోళ్లను చూసిన. సిగ్గు కంటె పేగు ముఖ్యం తమ్మీ.

వీటికి లొంగకపోతే అజాథయోప్రిన్ ఇస్తరు. అది పని మొదలువెట్టనీకి రెండు మూడు నెలలు పడ్తది. కొందరికి తెల్ల రక్తకణాలు పడిపోతయ్, అందుకే రక్తపరీక్షలు తప్పకుండ చేయించుకోవాలె. ఆ పైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ అసొంటి సూదులు, టోఫాసిటినిబ్ అసొంటి గోలీలు. మన దేశ కంపెనీలే చవక రకాలు తయారు చేస్తున్నయ్. ఇవి మొదలుపెట్టేముందు టీబీ పరీక్ష తప్పదు, లోపల పండుకున్న టీబీ లేస్తది. ఏ మందుకూ లొంగకపోతే ఆపరేషన్ చేసి పెద్దపేగు తీసేస్తరు, చిన్నపేగు తోటే సంచి కట్టి కలుపుతరు. అది సావు గాదు, చానా మందికి మళ్ల బతుకు.

ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు 2022ల ఇంకో సంగతి అచ్చేసిన్రు. ఆరోగ్యంగ ఉన్న పల్లె మనుషుల మలంల నుంచి సూక్ష్మజీవులు తీసి రోగుల పేగులల్లకు ఎక్కిచ్చి, దానికి తోడు తిండి మార్చి చూసిన్రు. మామూలు చికిత్స కంటె మంచిగ పనిచేసిందన్నరు. ఇది ఇంకా పరిశోధనే. యూట్యూబ్ చూసి ఇంట్ల చేసుకునే పని గాదు. గని మనల్ని ఎడ్డోళ్లనేటోళ్లకు, పల్లె పేగుల్లనే మందు దొరికె చూడున్రి.

మందులు ఇన్నున్నయ్ గదా, మరి మన ఊరి రోగికి స్టెరాయిడ్ ఒక్కటే ఎందుకు దొరుకుతది? ఎందుకంటే అది చవక, యాడనన్న దొరుకుతది. మెసలమిన్ దినాం మూడు నాలుగు గోలీలు, ఏండ్ల తరబడి మింగాలె. కూలి పైసలతోటి ఎన్నాళ్లు కొంటడు? మంచిగున్నా అని రెండు నెలలు ఆపుతడు. రోగం తిరగబడ్తది. అప్పుడు దవాఖానల పడ్తడు, అప్పుడు కార్డు పనికొస్తది. సర్కార్ లెక్క చూడున్రి: పేగు కోసుటానికి పైసలున్నయ్, పేగు నిలిపే గోలీకి లేవు. ఆయుష్మాన్ భారత్ సుత అంతే, దవాఖానల చేరినోళ్ల కోసం పెట్టిన పథకం.

ఇండ్ల కొత్త చట్టమేం అక్కరలేదు. మెసలమిన్ జాతీయ ఆవశ్యక మందుల జాబితాల ఉన్నది. బీపీ, షుగర్ గోలీలు నెలనెలా పీహెచ్‌సీల ఇస్తున్నరు. గదే తొవ్వల ఈ గోలీలు సుత పంపున్రి. జిల్లా దవాఖానల కొలనోస్కోపీ మిషను, దాన్ని నడిపే డాక్టర్‌ను పెట్టున్రి. ఒకపారి రోగం తేలినోళ్లకు నెలనెలా మందు, రక్తపరీక్ష ఫ్రీగ ఇయ్యున్రి. మనం అడగాల్సింది ఇది. 10 లక్షలను 20 లక్షలు చెయ్యుమని గాదు.

మీరు చెయ్యాల్సిన పని సుత ఉన్నది. రెండు వారాలకు మించి నెత్తురు పడితే మొలలని సరిపెట్టుకోకున్రి. ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌ల జీర్ణకోశ విభాగాలున్నయ్, పోయి చూపెట్టుకోన్రి. రోజుకు ఆరు సార్లు, అంతకంటె ఎక్కువ నెత్తురు విరేచనాలైతూ జ్వరమో, గుండె దడో ఉంటే అదే దినం దవాఖానల చేరాలె. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేసుకోకున్రి, అది రోగాన్ని లేపొచ్చు. ఎనిమిదేండ్లు దాటినోళ్లు క్యాన్సర్ కోసం పేగు చూపించుకుంటుండాలె. పెండ్లిళ్లు చేసుకోవచ్చు, పిల్లలను కనొచ్చు. కడుపుతోటి ఉన్నప్పుడు భయపడి మెసలమిన్ ఆపొద్దు, డాక్టర్‌కు చెప్పి నడిపియ్యాలె. మొగోళ్లకు సల్ఫాసలజిన్ తోటి వీర్యకణాలు తగ్గినా, మందు మారిస్తే మళ్ల వస్తయ్.

మే 19 ఈ పేగు రోగాల ప్రపంచ దినం. ఆ దినం ర్యాలీ తీసుడు కంటె ఒక్క పని చేయున్రి. మీ పీహెచ్‌సీకి పోయి మెసలమిన్ ఉన్నదా అని అడుగున్రి. లేదంటే తెల్ల కాయితం మీద దరఖాస్తు రాసిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోన్రి. మండలానికి పది కాయితాలు పడితే, ఆ మందు పేరు జిల్లా ఆఫీసుల సుత తెలుస్తది.