పరీక్ష ఎవరికి? నిర్ణయం ఎవరిది?

మొన్న మా సంఘం సమావేశానికి ఖమ్మం వైపు నుంచి ఒక స్త్రీ వచ్చింది. వయసు ముప్పై ఎనిమిది. కూలి పని చేసుకుని బతుకుతోంది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. చేతిసంచిలోంచి ఆస్పత్రి కాగితాలన్నీ తీసి నా ముందు పెట్టి, "అక్కా, మీ అమ్మకుందా, మీ అక్కచెల్లెండ్లకుందా అని డాక్టరు అడిగిండు. లేదన్న. అయితే నీకు జీన్ పరీక్ష అవసరం లేదన్నడు. మరి మా మేనత్త కడుపుల గడ్డతోటి చచ్చిపోయింది. అది గూడ చెప్పాల్నా?" అని అడిగింది.

చెప్పాలి. తప్పకుండా చెప్పాలి. కానీ మేనత్త సంగతి ఆమెను ఎవరూ అడగలేదు. ఆ కాగితాల్లో ఆమె గడ్డ 'ట్రిపుల్ నెగెటివ్' రకమని రాసి వుంది. అంటే రెండు రకాల హార్మోను గ్రాహకాలూ, హెర్-2 అనే ప్రొటీనూ లేని గడ్డ. మేనత్త మాట పక్కన పెట్టినా, ఆ వయసూ ఆ రకం గడ్డా చాలు ఆమెకు పరీక్ష చేయించడానికి. ఆమె పక్కన పదహారేళ్ళ కూతురు కూర్చుని వుంది. ఆ పిల్లను చూశాక ఈ సంచిక సంపాదకీయం దీని మీదే రాయాలనుకున్నాను.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ జన్యు పరీక్షల గోల డబ్బున్న వాళ్ళదనీ, కంపెనీల వ్యాపారమనీ నేను చాలాకాలం అనుకున్నాను. 2013లో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ, తనకు ఈ దోషం వుందని తెలిసి రెండు రొమ్ములూ తీయించుకున్నానని పత్రికలో రాసినప్పుడు కూడా, ఇది మన ఆడవాళ్ళకు సంబంధించిన విషయం కాదనే అనుకున్నాను. అలా అనుకోవడం పొరపాటు. వ్యాపారం వుందన్నది నిజమే. ఆ అవసరం మనకూ వుందన్నది కూడా అంతే నిజం.

ముందు విషయం తెలుసుకుందాం. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం వంశపారంపర్యంగా వచ్చేవి కావు. నూటికి అయిదు నుంచి పది మాత్రమే అలాంటివి. వాటిలో ముఖ్యమైనవి బి.ఆర్.సి.ఎ.-1, బి.ఆర్.సి.ఎ.-2 అనే రెండు జన్యువుల్లో దోషం వల్ల వచ్చేవి. మొదటి జన్యువు పదిహేడో క్రోమోజోము మీద వుందని 1990లో మేరీ క్లెయిర్ కింగ్ అనే స్త్రీ శాస్త్రజ్ఞురాలు చూపించింది. ఈ దోషం వున్న స్త్రీలకు ఎనభయ్యేళ్ళు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి డెబ్భై దాకా వుంటుంది. అండాశయ క్యాన్సర్ ప్రమాదమూ ఎక్కువే. ఈ దోషం తల్లి నుంచి ఎంతగా వస్తుందో తండ్రి నుంచీ అంతే వస్తుంది. కొడుక్కీ కూతురికీ సగం సగం అవకాశం.

మరి ఎవరికి పరీక్ష చేయాలి? చాలాకాలం 'కుటుంబ చరిత్ర' ఆధారంగా నిర్ణయించారు. వినడానికి సబబుగానే వుంటుంది. కానీ మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ జబ్బులకు చరిత్ర ఎక్కడ వుంది? నాయనమ్మ ఎందుకు పోయిందంటే 'ఏదో జబ్బు చేసి' అంటారు. రొమ్ములో గడ్డ సంగతి కట్టుకున్నవాడికి కూడా చెప్పకుండా ప్రాణం పోగొట్టుకున్న వాళ్ళున్నారు. పైగా వంశమేమో తండ్రిది అంటారు, జబ్బు దగ్గరకొచ్చేసరికి తల్లినే అడుగుతారు!

ఇంకో సంగతి. వయసులో వుండగానే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో అందరికంటే ఎక్కువగా వున్నది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దేశం మొత్తం మీద వీళ్ళు 3 శాతం చిల్లర, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ ఇంట్లో అండాశయ క్యాన్సర్ బయటపడే అవకాశమే తక్కువ. చరిత్ర లేదు కాబట్టి పరీక్ష అక్కరలేదనడం, చరిత్ర చెరిపేసి చరిత్ర అడగడమే.

అందుకే ఇప్పుడు చాలాచోట్ల కొలమానాలు మార్చారు. అమెరికాలో రొమ్ము శస్త్రవైద్యుల సంఘం 2019లోనే రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ పరీక్ష అందుబాటులో వుండాలంది. అక్కడి క్యాన్సర్ వైద్యుల సంఘాలు 2024లో, కొత్తగా జబ్బు బయటపడిన అరవై అయిదేళ్ళ లోపు వాళ్ళందరికీ ఈ పరీక్ష ఇవ్వజూపాలని సూచించాయి. చికిత్స కూడా దీనితో ముడిపడి వుంది. ఈ దోషం వున్న వాళ్ళలో జబ్బు తిరగబెట్టకుండా ఓలపారిబ్ అనే మందు కొందరికి పనిచేస్తుందని 2021లో తేలింది. అంటే పరీక్ష చేయకపోతే ఆ మందు తనకు పనికొస్తుందన్న సంగతే రోగికి తెలియదు.

మన దగ్గర పరిస్థితి ఏమిటి? 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏడాదికి సుమారు 1 లక్షా 92 వేల మంది స్త్రీలు కొత్తగా ఈ జబ్బు బారిన పడ్డారు. 98 వేల మంది చనిపోయారు. పాశ్చాత్య దేశాల కంటే మన స్త్రీలకు ఇది దాదాపు పదేళ్ళు ముందే వస్తోంది. ట్రిపుల్ నెగెటివ్ రకం కూడా మన దగ్గరే ఎక్కువ.

మనలోనే కొందరు అడుగుతున్నారు: 'కీమోకి బస్సు చార్జీలు లేక మధ్యలో మానేసే వాళ్ళున్న చోట జన్యు పరీక్షలా?' ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. గడ్డ ఏ రకమో తేల్చే మామూలు పరీక్షే అందని స్త్రీలకు ముందు అది అందాలి. కానీ పేదలకు ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలనే లెక్క ఎవరు వేశారు? డబ్బున్న స్త్రీకి రెండూ దొరుకుతున్నాయి. పరీక్షకయ్యే వేల రూపాయలు కూలి చేసుకునే స్త్రీ తేలేదు. ఆమె విషయంలో కొలమానం వైద్యశాస్త్రం కాదు, డబ్బు.

అందరికీ ఒకేసారి చేయలేమంటే ఒక వరుస పెట్టుకోవచ్చు. యాభై ఏళ్ళ లోపు జబ్బు వచ్చినవాళ్ళు, ఏ వయసులోనైనా ట్రిపుల్ నెగెటివ్ వున్నవాళ్ళు, అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్ళు, రొమ్ము క్యాన్సర్ వచ్చిన మగవాళ్ళు, తల్లివైపో తండ్రివైపో దగ్గరి బంధువుల్లో ఈ జబ్బులున్నవాళ్ళు, మందు నిర్ణయం దీని మీద ఆధారపడినవాళ్ళు. వీళ్ళకు ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ ఆరోగ్య పథకాల కిందా ఉచితంగా చేయాలి. ఒకరిలో దోషం ఏదో తేలితే రక్తసంబంధీకుల్లో ఆ ఒక్క దోషం కోసం చూస్తే చాలు, ఖర్చు తగ్గుతుంది. అది లేదని తేలిన వాళ్ళకు ఆ భయమూ తీరుతుంది.

అయితే పరీక్ష ఇస్తే సరిపోదు. ముందు ఆమెకు అర్థమయ్యే భాషలో కూర్చోబెట్టి చెప్పాలి. దోషం వుందంటే జబ్బు వచ్చి తీరుతుందని కాదు. రొమ్ములు తీయించుకోవాల్సిందేననీ కాదు, ఏటేటా స్కానింగులతో కనిపెట్టుకుని వుండే దారీ వుంది. కొన్నిసార్లు ఫలితం ఎటూ తేలదు. ఇప్పటిదాకా పరిశోధన ఎక్కువగా యూరప్ సంతతి వాళ్ళ మీదే జరగడం వల్ల, మన వాళ్ళలో కనిపించే కొన్ని మార్పులకు అర్థమేమిటో ఇంకా చెప్పలేకపోతున్నారు. అలాంటి కాగితం చూపించి అవయవాలు తీసేసే డాక్టర్లు తయారు కారని, గర్భసంచి ఆపరేషన్ల అనుభవం చూశాక, నేను భరోసా ఇవ్వలేను.

ఇక ఆ కాగితం ఎవరి చేతికి వెళుతుంది? ఆమె భర్త చేతికా, అత్తగారి చేతికా? ఖమ్మం నుంచి వచ్చిన ఆమెతో అత్తగారు అప్పుడే అన్నదట, "పరీక్ష చేయించుకుంటే పిల్లకు సంబంధాలు రావు" అని. దోషం కొడుకుల్లోనూ వుండొచ్చు. కానీ పెళ్ళిచూపుల్లో వెనక్కి తిరిగిపోయేది ఆడపిల్ల సంబంధమే. మేనరికాల మన సమాజంలో ఒక ఇంటి మాట పది ఇళ్ళకు పాకుతుంది. జన్యు సమాచారం ఆధారంగా ఆరోగ్య బీమాలో, ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని అమెరికా 2008లో చట్టం చేసుకుంది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అది కావాలని అడగడం మన పని.

అడిగితే సాధించవచ్చు. ఈ జన్యువుల మీద పేటెంటు పట్టి మిరియడ్ కంపెనీ పరీక్షకు మూడు వేల డాలర్లకు పైగా వసూలు చేసేది. 2009లో దాని మీద కేసు వేసిన వాళ్ళలో రొమ్ము క్యాన్సర్ స్త్రీల సంఘం వుంది, 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' పుస్తకం తెచ్చిన బోస్టన్ స్త్రీల బృందం వుంది. ప్రకృతిలో వున్న జన్యువు ఎవరి సొత్తూ కాదని 2013 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాతే ఇతర సంస్థలూ ఈ పరీక్షలు మొదలుపెట్టాయి, ధరలూ దిగాయి.

ఆమెకు నేను చెప్పింది ఇది: నీ మేనత్త సంగతి డాక్టరుకు చెప్పు, పరీక్ష రాయమని అడుగు, మేం తోడొస్తాం. పిల్లకు ఇప్పుడే ఏ పరీక్షా వద్దు. పెద్దదయ్యాక తనే నిర్ణయించుకుంటుంది. ఆ పిల్ల అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం అమ్మ కాగితాలన్నీ వరసగా సర్ది, తన సంచిలో పెట్టుకుంది.

మీ ఊళ్ళలో, మీరు పనిచేసే బస్తీల్లో ఇలాంటి స్త్రీలు ఎంతమంది వున్నారో, వాళ్ళను ఆస్పత్రిలో ఏమడిగారో, ఏమడగలేదో మాకు రాయండి. వచ్చే సంచికలో ఈ చర్చ కొనసాగిద్దాం.

- సంపాదకురాలు