ఇంటింటి ముచ్చట్లు: అమ్మ చీర, అమెరికా బొంత

క్రిందటిసారి ఈ శీర్షికలో ఆవకాయ గురించి వ్రాస్తే, కారం చాలలేదని ఇద్దరు, కారం ఎక్కువైందని ముగ్గురు ఫోను చేశారు. అందుకని ఈ నెల కారం జోలికి పోకుండా సూదీ దారం పట్టుకున్నాము. కళ్ళనీళ్ళు మాత్రం ఇందులోనూ తప్పలేదు.

మొన్న వీడ్కోలు విందులో మీరంతా చూసిన క్విల్టు ఎలా తయారయిందో వ్రాయమని చాలామంది అడిగారు. ఉగాది పచ్చడి కలపడం దగ్గర నుంచి హాలు ఊడ్చి తాళం వెయ్యడం దాకా మన సంఘంలో అన్ని పనులకూ ముందుండే ఆ దంపతులు ఉద్యోగం మారి టెక్సాసు వెళ్ళిపోతున్నారని తెలిసినప్పుడు, ఏమిచ్చి పంపాలా అని కార్యవర్గం రెండు సమావేశాలు జరిపింది. వెండి గిన్నె అని కొందరు, గోడ గడియారం అని కొందరు. తేలలేదు.

తేల్చింది మన వాళ్ళు కాదు. మా ఊరి లైబ్రరీలో గురువారం సాయంత్రాలు కొందరు ఆడవాళ్ళు కూర్చుని క్విల్టులు కుడతారు. రెండేళ్ళుగా మేమూ అక్కడికి వెళుతున్నాము. వాళ్ళలో పెద్దావిడ, రిటైరయిన స్కూలు టీచరు, మా తర్జనభర్జన విని, "ఊరు వదిలి పోయేవాళ్ళకు పేర్లు వ్రాసిన క్విల్టు ఇవ్వడం ఈ దేశంలో పాత అలవాటే కదా!" అన్నది. 1840ల ప్రాంతంలో ఇలాంటి స్నేహపు క్విల్టులు బాగా వాడుకలోకి వచ్చాయట. బళ్ళు కట్టుకుని పడమటికి పోయేవాళ్ళు మళ్ళీ కనబడతారన్న నమ్మకం లేని రోజులు. అందుకని ఇరుగుపొరుగులూ చుట్టాలూ తలా ఒక గుడ్డ చదరం తెచ్చి, చెరగని సిరాతో పేరు వ్రాసి, అన్నీ కలిపి కుట్టి ఇచ్చేవారు. ఊళ్ళు మారడం మనకు మాత్రం క్రొత్తా? వెంటనే ఒప్పుకున్నాము.

తెలియనివారి కోసం ఒక మాట. క్విల్టు అంటే మూడు పొరలు: పైన ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ, మధ్యన పల్చని దూది పరుపు, క్రింద అస్తరు. మూడూ కదలకుండా పట్టి ఉంచే కుట్టే అసలు క్విల్టింగు. మేము వేసుకున్న లెక్క ఇదీ: 42 ఇళ్ళ నుంచి 42 చదరాలు, ఒక్కొక్కటి 8 అంగుళాలు. అడ్డం ఆరు, నిలువు ఏడు. చుట్టూ ఆరంగుళాల అంచు కలిపితే 60 అంగుళాల వెడల్పు, 68 అంగుళాల పొడుగు. ప్రతి ఇంటివారూ ఒక పాత చీర ముక్క ఇవ్వాలి, దాని మీద తమ పేరూ, సొంత ఊరి పేరూ తెలుగులో వ్రాయాలి. ఇదీ షరతు.

షరతు పెట్టినవాళ్ళం మేమే. ఇరుక్కున్నదీ మేమే.

మూడేళ్ళ క్రిందట చలికాలంలో ఒక రాత్రి మా అమ్మగారు పోయారని ఫోను వచ్చింది. మంచు తుఫానులో విమానాలు ఆగిపోయి, మేము చేరేసరికి అన్నీ అయిపోయాయి. తిరిగి వచ్చేటప్పుడు అన్నయ్య ఏడు చీరలు మూటకట్టి ఇచ్చాడు. ఆ ఏడూ మా మంచం క్రింద పెట్టెలోనే ఉండిపోయాయి. కట్టుకోలేము, ఎవరికీ ఇవ్వలేము. సంక్రాంతికి ఒకసారి పెట్టె తెరిచి, కర్పూరం ఉండలు మార్చి, మళ్ళీ మూసేస్తాము. ఇంట్లో పాత చీర అని చెప్పదగ్గవి అవే. మిగిలినవన్నీ పెళ్ళిళ్ళ పట్టుచీరలు, నైలెక్సులు.

ఆ సంగతి గురువారం నాడు నోరు జారి అనేశాము. టీచరుగారు ఏమీ అనకుండా, పై వారం ఒక పుస్తకం తెచ్చి మా ముందు పెట్టింది. అలబామా నది మెలిక తిరిగిన చోట జీస్ బెండ్ అనే పల్లె ఉంది. నల్లజాతి రైతుల ఊరు. అక్కడి ఆడవాళ్ళు చలికి తట్టుకోవడానికి చిరిగిన బట్టలతో కుట్టుకున్న క్విల్టులనే 2002లో న్యూయార్కు విట్నీ మ్యూజియములో ప్రదర్శించారు, 2006లో తపాలా బిళ్ళల మీద వేశారు. వాటిలో మిస్సోరీ పెట్ట్‌వే అనే ఆవిడ 1942లో కుట్టినది ఒకటుంది. భర్త పోయాక, ఆయన పనికి వేసుకెళ్ళిన బట్టలే ముక్కలు చేసి, కూతురిని సాయం కూర్చోబెట్టుకుని కుట్టింది. ఆయనను తలుచుకుంటూ దాన్ని కప్పుకుని పడుకోవాలని. వెలిసిన రంగులు వెలిసినట్టే ఉన్నాయి. ఇప్పుడది వాషింగ్టనులో నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్టులో ఉంది. మేము ఆ బొమ్మ చాలాసేపు చూశాము. అయినా ఇంటికి వచ్చాక పెట్టె తెరిచే ధైర్యం రాలేదు.

ఈలోగా మన సభ్యులొకరి తల్లిగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. అందరం పిన్నిగారూ అని పిలుస్తాము. చదరాలు కోస్తున్న శనివారం ఆవిడను తీసుకువచ్చారు. ఆవిడ కత్తెరలూ, చక్రంలా దొర్లించి కోసే కత్తులూ చూసి ముక్కు మీద వేలేసుకున్నారు.

"ఇదేం చోద్యమమ్మా! నిక్షేపంలాంటి గుడ్డ ముక్కలు చేసి, ఆ ముక్కలు మళ్ళీ అతుకుతారా? మేము బొంత కుడితే చీర చీరలాగే మడత వేసి కుట్టేవాళ్ళం."

ఆవిడ చెప్పినదాంట్లో లెక్క ఉంది. అయిదున్నర గజాల చీర అంటే 198 అంగుళాలు. మూడు మడతలు వేస్తే 66 అంగుళాల పొడుగు, 45 అంగుళాల వెడల్పు. దూది అక్కరలేదు, మూడు పొరలు చీరే. నాలుగు వైపులా టాకాలు వేసి, సూది పైకీ క్రిందికీ దింపుతూ వరసలు కుట్టుకుపోవడమే. ఉతికి ఉతికి మెత్తబడిన నేత చీర కనుక పసిపిల్లకు కూడా గుచ్చుకోదు.

మాటల్లో మా చీరల సంగతీ వచ్చింది. పిన్నిగారు సూటిగా అడిగారు: "అమ్మాయ్, మీ అమ్మ ఎప్పుడైనా పాత చీర పెట్టెలో దాచిందా?"

దాచలేదు. మా ఇంట్లో చీర చిరిగితే దిండు గలీబు అయ్యేది, తరువాత ఎవరింట్లో పురుడు వస్తే అక్కడికి పొత్తిగుడ్డలుగా వెళ్ళేది, ఆ తరువాత మసిగుడ్డ, చివరకు దీపంలో వత్తి. మా అమ్మగారి చేతిలో ఏ గుడ్డా ఊరికే కూర్చున్నది లేదు. అదే చెప్పాము.

"మరి నువ్వెందుకు కూర్చోబెట్టావు?" అన్నారు పిన్నిగారు.

ఆ రాత్రి పెట్టె తెరిచాము. పైన ఉన్నది వెంకటగిరి నేత చీర, లేత పసుపు. చెంగు మూల ఒకచోట నలిగి, దారాలు పలచబడి ఉంది. అది మా అమ్మగారు చిల్లర డబ్బులూ తాళంచెవీ ముడి వేసుకునే మూల. ఆ మూల మాత్రం దాచుకుని, నడుమ నుంచి ఎక్కడో ఒక ముక్క కోసి ఇద్దామనుకున్నాము. కత్తెర పట్టుకుని కూర్చుంటే జ్ఞాపకం వచ్చింది: ఆ ఫోను వచ్చిన రాత్రి మంచులో కారు నడుపుకుంటూ మొదట వచ్చినది ఈ టెక్సాసు వెళుతున్న ఆవిడే. విమానం దొరికేదాకా మూడు రోజులు మా పొయ్యి మీద ఆవిడే వంట చేసింది. అలాంటి మనిషికి ఇచ్చేది నడుమ నుంచి ఎక్కడి ముక్కో ఎందుకు? ఆ మూలే ఎనిమిదిన్నర అంగుళాల చదరం కోసి, మా ఊరి పేరు వ్రాశాము. చేతులు వణికాయని ఒప్పుకోవడానికి సిగ్గు లేదు.

ఇక మిగిలిన పనిలో పడ్డ పాట్లు, మీకు పనికి వస్తాయని వ్రాస్తున్నాము. చదరం 8 అంగుళాలు రావాలంటే ఎనిమిదిన్నర కోయాలి, ఎందుకంటే చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతుంది. అంగుళంలో పదహారో వంతు తేడాయే కదా అనుకుంటే, ప్రతి అతుకులో రెండు వైపులా కలిసి, ఆరు చదరాల వరసకు అర అంగుళం పైన తగ్గింది. రెండు వరసలు విప్పి కుట్టాము. ఇంజనీర్లయిన మన మగవారు ఊరుకుంటారా, ఒకరు స్కేలు, ఒకరు కాలిపర్సు తెచ్చారు. సూది ఎక్కించమంటే మాత్రం కళ్ళజోడు మరిచిపోయామన్నారు.

పట్టు కోస్తే అంచు వెంట పోగులు ఊడి వస్తాయి. వెనుక ఇస్త్రీతో అంటుకునే పల్చని గుడ్డ వేసుకున్నాకే కోయాలి. జరీ మీద వేడి ఇస్త్రీ పెట్టకండి. ఎర్ర నేత చీర ఏదైనా ముందే రెండుసార్లు ఉతికి రంగు వదిలించండి. పేర్లు వ్రాయడానికి గుడ్డ కదలకుండా వెనుక ఫ్రీజర్ పేపరు నున్నని వైపు ఇస్త్రీ చేసి అంటించి, వ్రాశాక ఊడదీయాలి.

పేర్లు వ్రాసినది చాలావరకు పిల్లలే. పెద్దలు పెన్సిలుతో గీసిన తెనాలి, సిద్దిపేట, ఆదోని, రాజాం అనే అక్షరాల మీద వాళ్ళు పెన్నుతో దిద్దారు. తెలుగు చదవడం రాని పిల్లవాడొకడు "ఇది మా నాన్న ఊరా? ఇంత గుండ్రంగా ఉందేమిటి?" అన్నాడు. ఆ పూట అయిదక్షరాలు నేర్చుకుని వెళ్ళాడు.

ఆరు శనివారాలు పట్టింది. విందులో క్విల్టు విప్పినప్పుడు ఆవిడ వరసగా ఊళ్ళ పేర్లు చదువుకుంటూ వచ్చి, పసుపు చదరం దగ్గర ఆగింది. ఆ ముడి నలుగు మీద వేలు పెట్టి మా వంక చూసింది. మేము చెప్పనవసరం లేకపోయింది.

మిగిలిన చీరను పిన్నిగారు దగ్గర కూర్చుని మడత వేయించారు. కోసిన మూల లోపలి పొరలోకి పోయింది. ఆ బొంత ఇప్పుడు మా మంచం మీద ఉంది. పెట్టెలో ఇంకా ఆరున్నాయి.

అందుకే ఈ విన్నపం. వచ్చే నెల నుంచి రెండవ శనివారం మధ్యాహ్నం, మామూలుగా మనం కలిసే హాలులోనే కుట్టు కూడలి. పిన్నిగారు తిరిగి వెళ్ళేలోగా బొంత నేర్చుకోవాలనుకునేవారు తప్పక రండి. ఒక పాత నేత చీర, సూదులు, గట్టి నూలు దారం, వేలికి తొడుక్కునే టోపీ తెచ్చుకోండి. కత్తెర మేము తెస్తాము. కోయాలో మడవాలో మీ ఇష్టం.

ఆకురాలు కాలంలో అందరం కలిసి ఆడమ్స్ కౌంటీకి పోదామన్న ఆలోచన కూడా ఉంది. క్విల్టులు కుట్టే తన తల్లి గౌరవార్థం డోనా సూ గ్రోవ్స్ అనే ఆవిడ 2001లో ధాన్యపు కొట్టం గోడ మీద క్విల్టు చదరం వేయించే పని మొదలుపెట్టినది మన ఒహాయోలో అక్కడే. అది చూసి ఎన్నో రాష్ట్రాలవారు వేయించుకున్నారు. పులిహోర ఎవరు తెస్తారో ముందే చెప్పండి. పోయినసారి పిక్నిక్కుకు అందరూ పెరుగన్నమే తెచ్చారు.