అంతర్జాలమున మన వాకిలి



ఇల్లు చూచి యిల్లాలిని చూడుమని పెద్దలందురు. ఈ కాలమున మన గడప త్రొక్కక మునుపే మన వెబ్‌సైటును జూచి మనలను గూర్చి యొక నిర్ణయమునకు వచ్చువారు పెక్కండ్రు. ఊరగాయలమ్మువారు, కుట్టుపని నేర్పువారు, సంగీతము చెప్పువారు, ఇట్లు గృహమునందుండియే జీవనము సాగించు సోదరీమణులు తమకొక వెబ్‌సైటు కావలయుననియు, దాని నెట్లు చేయించుకొనవలయుననియు మమ్మడుగుచున్నారు. కావున నీ నెల యీ విషయమును ముచ్చటింతుము.

మొదట మా వదినగారి యనుభవమును చెప్పెదము. ఆమె భర్తృవియోగానంతరము ఆవకాయ, మాగాయ, అప్పడములు అమ్మి యిద్దరు బిడ్డలను చదివించుచున్నది. రెండేండ్ల క్రిందట నొక యువకునకు సొమ్మిచ్చి వెబ్‌సైటు చేయించుకొనెను. చూచుట కది పెండ్లిపందిరివలె నుండెను. కదలు బొమ్మలు, తళుకు రంగులు, తెరచినంతనే వినవచ్చు నాదస్వరము! అయినను మామిడికాయల కాలము గడచిపోవుచున్నను ఆర్డరులు మిక్కిలి స్వల్పముగా వచ్చెను. “అమ్మాయీ, నా చేతి రుచి తగ్గినదా?” యని యామె యడిగిననాడు మాకు కంట నీరు తిరిగెను. రుచి తగ్గలేదు; వచ్చువారికి వాకిలి తెరచుకొనుటలేదు.

మేము మా పాత ఫోనులో నా పుటను తెరచి చూచితిమి. బొమ్మలు పండ్రెండు, ఒక్కొక్కటి 4 మెగాబైట్లు. ఫోనుతో తీసిన ఛాయాచిత్రములను తీసినవి తీసినట్లే పెట్టినారు. సిగ్నలు పలుచనైన పల్లెలో నిట్టి 48 మెగాబైట్లు దిగువరకు కూర్చుండు నోపిక యెవ్వరికుండును? బొమ్మ వెడల్పును 1200 పిక్సెళ్లకు కుదించి దాచినచో సాధారణముగా 200 కిలోబైట్లకు లోబడును. ఫోను తెరపై నందమునకు లోపము రాదు. నాదస్వరమును పెండ్లికే విడువవలయును.

రెండవ లోపము మఱింత పెద్దది. ధరలు, చిరునామా, ఫోను సంఖ్య, సర్వమును బొమ్మలోనే చిత్రించియుండిరి. మావారితో పనిచేయు నొక యుపాధ్యాయునకు చూపు లేదు. తెరపై నున్న దానిని ఫోనే చదివి వారికి వినిపించును. వదినగారి పుటను తెరచినప్పుడది “చిత్రము” అని మాత్రము పలికి మిన్నకుండెను. తెలుగు లిపికి 1991లో యూనికోడు మొదటి కూర్పునందే స్థానము లభించినది. ఆ విధమున టైపుచేసిన తెలుగును ఫోను చదువగలదు, గూగులు వెదకగలదు. సంఖ్యను అక్షరములుగా వ్రాసి కాల్‌కు లంకె కలిపినచో తాకినంతనే ఫోను మ్రోగును. బొమ్మ పెట్టినచోట దానిలో నేమున్నదో ఒక వాక్యము జతచేయుట మఱవరాదు.

అక్షరముల విషయమునను జాగ్రత్త వలయును. మన లిపికి పైన గుడులు, క్రింద వత్తులు కలవు. ఆంగ్లమునకు సరిపోవు నిరుకు పంక్తులలో మన వత్తులు క్రింది పంక్తి గుడులతో నొరసికొనును. పంక్తుల నడిమి దూరము అక్షర పరిమాణమునకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండుట మేలు. పసుపు పచ్చని నేలపై తెల్లని యక్షరము లెవరికిని కానరావు. సామాన్యమగు నక్షరములకును వెనుకటి రంగునకును వెలుగు నిష్పత్తి 4.5కు 1 కంటె తగ్గరాదని వెబ్ ప్రమాణములను నిర్ణయించు సంస్థవారి నియమము.

ఇక మా వదినగారిని నిజముగా నేడ్పించిన సంగతి. ఈ లోపములను దిద్దింపబోవుసరికి, వెబ్‌సైటు పేరు ఆ యువకుని యీమెయిలుపై నమోదై యుండెనని తెలిసినది. అతడు వేఱొక యూరికి పోయెను. గడువు తీరునని వచ్చిన హెచ్చరికలన్నియు నతనికే చేరెను. గడువు దాటిన పిదప నా పేరు నెవరో కొనివేసిరి. ప్రతి జాడీపై నచ్చువేయించిన పేరు పరులపాలైనది! కావున సోదరీమణులారా, ఇల్లెవరు కట్టినను పట్టా మన పేర నుండవలయును. పేరును మన యీమెయిలుతో, మన ఫోను సంఖ్యతో నమోదు చేయింపుడు. డాట్‌కామ్ వంటి పేర్ల నొకమారు పదేండ్ల వరకును తీసికొనవచ్చును. గడువు దినమును గోడ క్యాలెండరుపై గుర్తుపెట్టుకొనుడు. పాస్‌వర్డును ఇంటి కాగితములతో భద్రపఱచుకొనుడు.

చేయించుటకు ముందు ఒక కాగితముపై నాలుగు మాటలు వ్రాసికొనుడు: మన యొద్ద నేమి దొరకును? ధర యెంత? ఎట్లు తెప్పించుకొనవలయును? మన మెవరము? ఈ నాలుగును మొదటి తెరపైననే కనబడవలయును. ముగిసిన పిదప నింటి పెద్దవారొకరికి ఫోనిచ్చి, “ఒక కిలో ఆవకాయ తెప్పింపుడు” అని చెప్పి, మాటాడక ప్రక్కన కూర్చుండుడు. వారి వ్రేలు తడబడిన ప్రతిచోటును దిద్దవలసినదే. తప్పు వారిది కాదు.

ఆడంబరము లేనిచో నెవరు చూతురని శంకింపవలదు. టిమ్ బెర్నర్స్-లీ అను నాయన సెర్న్ పరిశోధనాలయమున సృష్టించి 1991లో లోకమునకు వెల్లడించిన మొట్టమొదటి వెబ్‌సైటులో అక్షరములును లంకెలును మాత్రమే యుండెను. సెర్న్ వారు 2013లో దానిని పూర్వపు చిరునామాలోనే మరల నిలిపిరి. నేటి ఫోనులలోను నది చదువ వీలగుచున్నది.

వదినగారి క్రొత్త పుటలో నాలుగు చిన్న బొమ్మలు, ధరలు, పైన ఫోను సంఖ్య, అంతియే. ఈ వేసవిలో జాడీలు మిగులలేదు. అయినను పాత పేరును పట్టుకొని వచ్చి దారి తప్పువారింకను కలరు. ఆ నష్టము మీకు కలుగకుండవలయుననియే యీ నాలుగు మాటలు వ్రాసితిమి.