వీధి అంచున పూల మొక్క

అద్దె ఇంటి ఎదుట, తమది కాని వీధి అంచున మొక్కలు నాటి నీరు పోసేవారిని మణికొండలో చూస్తుంటాము. ఉద్యోగం మారితే వచ్చే ఏడాది వారు మరో పేటకు తరలిపోవచ్చు. ఆ పూలను చూసేది తర్వాత వచ్చే కుటుంబం. అయినా ఎందుకీ శ్రమ?

ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గానీ, పశువు గానీ, పక్షి గానీ తిన్నది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మన పాఠకులకు తెలిసినదే. మరి పూల మొక్కకు తినే ఫలం లేదు కదా అని పాఠం మధ్యలో విద్యార్థులు అడుగుతారు. ప్రశ్న మంచిదే. పరిమళ భరితమైన మొక్కను ఎవరైనా ఇస్తే నిరాకరించవద్దని, అది మోయడానికి తేలికైనదని, సువాసన గలదని తెలిపే అబూ హురైరా (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. వీధి పూలను కూడా అటువంటి కానుకగానే భావిస్తాము. ఇక్కడ ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ పరిచయమైనా ఉండదు.

మరో కారణం మరీ సాదాసీదాది. ఖాళీ మూలలో ఒక చెత్త సంచి పడితే పది పడతాయి. అక్కడే నందివర్ధనమో మందారమో పెరుగుతుంటే విసిరే చేయి వెనుకాడుతుంది.

2015లో చిలుకూరులో హరితహారం మొదలైన తర్వాత మొక్కలు నాటడం ఏటేటా జరిగే పనైంది. నాటడం తేలిక, పెంచడమే కష్టమని ప్రభుత్వమూ గ్రహించింది కాబోలు, 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టంలో నాటినవాటిలో 85 శాతం బ్రతకాలన్న నియమం చేర్చారు. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే మణికొండలో ఇది చిన్న పరీక్ష కాదు. వుజూ చేసిన నీరు, బియ్యం కడిగిన నీరు ఇందుకు సరిపోతాయి. ఆర్ఓ యంత్రం వదిలే నీటిలో ఉప్పు ఎక్కువ గనుక మామూలు నీటితో కలిపి పోయాలి. గన్నేరును పశువులు ముట్టవని రోడ్ల వెంట విరివిగా వేస్తారు. అయితే దానిలో ప్రతి భాగమూ విషమే. పిల్లలు ఆడుకునే గల్లీలో వద్దు.

ఒక్క విషయంలో మాత్రం మాకు అభ్యంతరముంది. కొందరు కుండీలతో నడకదారినంతా నింపివేస్తున్నారు. పిల్లల బండి తోసుకుంటూ వచ్చే తల్లి, చేతికర్రతో మసీదుకు బయలుదేరిన వృద్ధుడు వాహనాల మధ్యకు దిగవలసి వస్తోంది. బాటకు హక్కులున్నాయని, ఇతరులకు బాధ కలిగించకపోవడం వాటిలో ఒకటని హదీసులో స్పష్టంగా ఉంది. ముందు ఆ కుండీలను గోడవైపు జరపండి, నీరు తర్వాత పోయవచ్చు.