తంగేడును గేటు లోపలికి రానివ్వండి

కాలనీ అక్కలారా, అన్నలారా!

బతుకమ్మ దగ్గర పడిందంటే తంగేడు కోసం బజార్లన్నీ తిరుగుతాం. ఊళ్ల నుంచి మూటలు కట్టి తెచ్చిన పువ్వు సగం వాడినా, అడిగినంత ఇచ్చి కొంటాం. మన ఇళ్లున్న ఈ మొరం నేలలో ఒకప్పుడు అది ఎవరూ నాటకుండానే పూసేది. వెంచర్ వేసినప్పుడు జేసీబీ ఎత్తి పారేసిన పొదల్లో అదీ పోయింది. ఆ జాగాలో లాన్ పరిచి, ఏప్రిల్ రాగానే దాన్ని బతికించడానికి ట్యాంకర్‌కు ఫోన్ చేస్తున్నాం.

2014లో ప్రభుత్వం తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. మన ప్రహరీల లోపల మాత్రం దానికి చోటు లేదు. మేం అడిగేది ఈ వానాకాలం ఇంటికొక్క తంగేడు. పార్కు కంచె వెంట ఒక వరుస అసోసియేషన్ నాటించాలి.

"పిచ్చిమొక్క, వాకిలి అడవిలా ఉంటుంది" అనేవాళ్లున్నారు. పట్టించుకోకపోతే గులాబీ అయినా అంతే. తంగేడు కత్తెరకు లొంగుతుంది. పూత తగ్గాక ఏడాదికోసారి కత్తిరిస్తే గుబురుగా, నడుమెత్తున నిలుస్తుంది. పాముల భయమా? కింది కొమ్మలు తీసేస్తే మొదలు తేటగా కనిపిస్తుంది. తీసిన రొట్టను మందార మొదట్లో వేయండి. వరి మళ్లలో పచ్చిరొట్టగా తొక్కించిన ఆకే అది.

ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అది కేసరాల కొనల్లోని సన్నని రంధ్రాల గుండానే బయటికి రావాలి. నల్లటి పెద్ద తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిలిస్తే జలజలా రాలుతుంది. పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, టీవీ మరిచిపోతారు.

ఎండిన కాయలు ఊరి బాటల పక్కన దొరుకుతాయి. గింజ తోలు గట్టిది కాబట్టి కాగిన నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, తొలకరికి సంచుల్లో వేయండి. గుట్టల మీది పెద్ద మొక్కలు పీకి తేవద్దు, తల్లివేరు తెగితే బతకవు. ఎండ బాగా పడి, నీరు నిలవని చోట నాటాలి. మొదటి వేసవిలో వారానికోసారి నీళ్లు చాలు. ఎరువు వద్దు, మందు అసలే వద్దు.

గింజలు మేం ఏరి ఉంచాం. ఆదివారం పొద్దున పార్కు దగ్గరికి వచ్చి తీసుకెళ్లండి. మీ తోటమాలికి ముందే చెప్పి పెట్టండి, లేకపోతే కలుపనుకుని పీకేస్తాడు.

ఇట్లు,
కాలనీ మహిళా సంఘం