ఎడమ చెయ్యి రెండో ఛానల్, కుడి చెయ్యి ఒకటో ఛానల్

బ్యాండ్‌లో కీబోర్డ్ ప్లేయర్ ఒక్కడే అయితే అతని ఎడమ చేతికి ఖాళీ ఉండదు. బేస్ గిటార్ వాయించేవాడు రాలేదంటే ఆ పని కూడా ఇతనిదే. అందుకే కీబోర్డ్‌ని స్ప్లిట్ చేస్తారు. ఒక కీ దగ్గర హద్దు పెట్టి, దానికి ఎడమ వైపు బేస్, కుడి వైపు ఫ్లూటో స్ట్రింగ్సో పెట్టుకుంటారు.

లోపలి సౌండ్‌లతో వాయిస్తే ఏ గొడవా లేదు. ఎడమ భాగం బయటి సింథ్‌లో, కుడి భాగం ఫోన్‌లోని యాప్‌లో మోగాలి అనుకున్నప్పుడే తిప్పలు మొదలవుతాయి. కేబుల్ పెట్టగానే రెండు చేతులూ రెండు చోట్లా మోగుతాయి! ఫ్లూట్ మీద బేస్ లైన్, బేస్ మీద మెలొడీ. అందరూ ముందు కేబుల్‌నే అనుమానిస్తారు. పాపం, దాని తప్పేం లేదు.

మిడి కేబుల్‌లో సౌండ్ వెళ్లదు, మెసేజ్ వెళ్తుంది. ‘60వ నోట్ నొక్కారు, ఇంత బలంగా’ అని చెప్పడానికి మూడు బైట్లు చాలు. మొదటి బైట్‌లో సగం ఏం జరిగిందో చెబుతుంది. మిగతా 4 బిట్లు ఛానల్ నంబర్. 4 బిట్లు కాబట్టి 16 ఛానళ్లు. 1983లో అమెరికాలోని నామ్ షోలో ప్రొఫెట్-600ని, రోలాండ్ జూపిటర్-6ని కలిపి చూపించినప్పటి నుంచీ ఇదే లెక్క. అందులో ‘స్ప్లిట్’ అనే మాటే లేదు. అది కీబోర్డ్ ఇంటి విషయం. మనం చెప్పకపోతే చాలా కీబోర్డ్‌లు రెండు భాగాలనీ ఒకే ఛానల్ మీద బయటికి తోసేస్తాయి.

కాబట్టి మిడి సెట్టింగ్స్‌లో ఒక్కో భాగానికి ట్రాన్స్‌మిట్ ఛానల్ వెతకండి. కుడికి 1, ఎడమకి 2 ఇవ్వండి. 10 జోలికి పోవద్దు, జనరల్ మిడిలో అది డ్రమ్స్‌ది. తర్వాత సింథ్‌లో రిసీవ్ ఛానల్ 2, యాప్‌లో 1. సింథ్ ‘ఆమ్ని’లో ఉందేమో చూడండి. ఆమ్ని అంటే ఎవరు పిలిచినా పలికే రకం. సగం కేసుల్లో దొంగ ఇక్కడే దొరుకుతాడని నా అనుమానం.

మీ కీబోర్డ్‌లో ఆ సెట్టింగే లేకపోతే వినే వైపు హద్దు పెట్టాలి. సింథ్‌లో కీ రేంజ్ ఉంటే దాంతో, లేదంటే మధ్యలో ల్యాప్‌టాప్ పెట్టి. నోట్ 54 కంటే తక్కువైతే ఛానల్ 2, లేకపోతే 1. కోడింగ్ వచ్చినవాళ్లకి ఇది ఒక్క ఇఫ్-ఎల్స్. హద్దుని మాత్రం నోట్ నంబర్‌తోనే రాసుకోండి. అదే 60వ నోట్‌ని యమహా సీ3 అంటుంది, రోలాండ్ సీ4 అంటుంది. పేరు నమ్ముకుంటే ఒక ఆక్టేవ్ తేడా వస్తుంది.

ఇంకోటి, కీబోర్డ్ యూఎస్‌బీని నేరుగా సింథ్ యూఎస్‌బీకి కలిపితే సాధారణంగా ఏమీ జరగదు. రెండూ హోస్ట్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. మధ్యలో ఫోనో ల్యాప్‌టాపో ఉండాలి, లేదా పాత గుండ్రటి 5 పిన్నుల కేబుల్ వాడాలి.

ఇవన్నీ ఇంట్లో తేలిపోయే విషయాలు. స్టేజ్ మీద పరువు తీసేవి వేరే రెండున్నాయి. మొదటిది సస్టెయిన్ పెడల్. అది 64వ కంట్రోలర్‌గా వెళ్తుంది. రెండు ఛానళ్లకీ వెళ్తే ఫ్లూట్ కోసం తొక్కిన పెడల్‌కి బేస్ నోట్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దవుతాయి. ఎడమ భాగానికి పెడల్ ఆపేయండి.

రెండోది ఆగని నోట్. కీ నొక్కి పట్టుకుని ఉండగానే తర్వాతి పాట సెట్టింగ్‌కి మారారనుకోండి. ‘నొక్కారు’ అన్న కబురు ఛానల్ 2 మీద వెళ్లింది, ‘వదిలారు’ అన్నది ఛానల్ 1 మీద వెళ్లింది. సింథ్‌కి రెండో కబురు అందనే లేదు. అది మోగుతూనే ఉంటుంది, ఎదురుగా జనం చూస్తూనే ఉంటారు. కొన్ని కీబోర్డ్‌లు పాత నోట్‌ని గుర్తుపెట్టుకుని సరైన ఛానల్‌లోనే ఆపుతాయి, అన్నీ కాదు. అందుకే ముందు చేతులు, తర్వాత పెడల్ వదిలి, అప్పుడే మారండి. ప్యానిక్ బటన్ ఎక్కడుందో చీకట్లో కూడా వేలికి దొరకాలి.

కొత్త కీబోర్డ్ కొనబోయేవాళ్లు షాపుకి వెళ్లే ముందే దాని మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకోండి. స్ప్లిట్‌లో ఒక్కో భాగానికి వేరే ట్రాన్స్‌మిట్ ఛానల్ ఇవ్వొచ్చా లేదా అన్నది అందులోని మిడి పేజీల్లో ఉంటుంది. ఎన్ని వందల టోన్లున్నాయో చూసే ముందు అది చూడండి.